క్లబ్బు బాధ్యత తీసుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మన హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాగా నడుపుకునే వైర్‌లెస్) క్లబ్బుకి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దాని గొంతులో సంతోషం కంటే బెంగే ఎక్కువగా వినిపించింది. ఎచ్చెర్లలో కాలేజీ పాఠాలు, ఇంట్లో చంటిది, వీటి మధ్య ఈ క్లబ్బు కూడానా అని దాని బాధ. నువ్వేమో పెద్ద మెసేజ్ పెట్టావు. రిపీటర్ (మన మాట అందుకుని ఎత్తు నుంచి మళ్లీ దూరం పంపే పెట్టె) పెట్టాలి, కొత్త హెచ్ఎఫ్ సెట్టు (ఎక్కువ దూరాలకి మాట్లాడే రేడియో) కొనాలి, కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర స్టేషన్ నడపాలి, స్కూళ్లకి వెళ్లాలి, తుఫానొస్తే కలెక్టరాఫీసులో కూర్చోవాలి. ఏది ముందు మొదలుపెట్టమంటావు మావయ్యా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, నేనూ సగం మరిచిపోతాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మొదలుపెట్టాల్సింది వారం వారం నెట్, అంటే సభ్యులంతా ఒకే టైముకి రేడియోలో కలుసుకుని వంతులవారీగా మాట్లాడుకోవడం. బుధవారం రాత్రి 8.30 అని పెట్టుకుంటే ప్రతి బుధవారం 8.30కి నెట్ మొదలవ్వాలి. వానొచ్చినా, పండగొచ్చినా, ఇద్దరే మిగిలినా సరే. రిపీటర్, కొత్త సెట్టు, లైట్‌హౌస్ అన్నీ దాని తర్వాతే. ఇదేం పెద్ద పని అనిపించొచ్చు నీకు. ఏళ్ల తరబడి చూసినవాడిగా చెబుతున్నాను, క్లబ్బులో ఇంతకంటే కష్టమైన పని లేదు. సెట్టు కొనడానికి ఒక్కసారి చందా వేస్తే సరిపోతుంది. నెట్ నడవాలంటే ప్రతి వారం ఎవరో ఒకరు టీవీ కట్టేసి సెట్టు ముందు కూర్చోవాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. సెల్ టవర్ పడకుండా నిలబడ్డా దానికి కరెంటు కావాలి కదా. బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. ఆ తర్వాత జనరేటర్‌లో డీజిల్ పోయాలి, ఆ డీజిల్ తెచ్చే దారి మీద చెట్లు పడి ఉంటాయి. ఇవన్నీ బాగున్నా ఫైబర్ కేబుల్ ఒక్కచోట తెగితే టవర్ ఉండి కూడా ఫోన్ పలకదు. దానికి నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి నగరమే ఫోన్లు లేక విలవిల్లాడింది. మరి వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలాల్లో సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల మాటేమిటి?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి వెళ్లాల్సిన మనిషిని రోడ్డు బాగుపడేదాకా ఆగమనలేం. ఇప్పుడు పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది, మంచిదే. కానీ ఫలానా ఊళ్లో ఫలానా మనిషి కదల్లేక ఉన్నాడు, దారి మూసుకుపోయింది అన్న కబురు బయటికి రావాలి. తుఫాను తర్వాత మొదటి రెండు రోజులూ కరువయ్యేది ఆ కబురే. మన సెట్టుకి టవర్ అక్కర్లేదు, ఫైబర్ అక్కర్లేదు. ఒక బ్యాటరీ, నాలుగు గజాల తాడు, కొంత తీగ ఉంటే చాలు. అయితే ఆ సెట్టు ముందు కూర్చున్న మనిషికి అలవాటుండాలి. అలవాటు లేని చేతిలో ఎంత ఖరీదైన సెట్టున్నా ఆ పూట పనికిరాదు. ఆ అలవాటే నెట్‌లో వస్తుంది.

2004లో ఏం జరిగిందో కొత్తవాళ్లకి చెప్పు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి భారతీ ప్రసాద్ బృందం ఆ డిసెంబరులో అండమాన్ వెళ్లింది. అక్కడ ఏళ్ల తరబడి హ్యామ్ స్టేషన్ లేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని పోర్ట్‌బ్లెయిర్‌లో స్టేషన్ పెట్టి, ప్రపంచం నలుమూలలా ఉన్న హ్యామ్‌లతో (మనలాంటి రేడియోవాళ్లతో) సరదా కాంటాక్టులు చేసుకుంటున్నారు. 26వ తేదీ పొద్దున భూకంపం, వెనకాలే సునామీ. ఫోన్లు పోయాయి. సరదా కాంటాక్టులు అక్కడితో ఆపేసి, అవే సెట్లతో క్షేమ సమాచారాలు అటూ ఇటూ చేరవేశారు. సునామీ వచ్చాక యాంటెన్నా ఎలా కట్టాలో వెతుక్కోవాల్సిన అవసరం వాళ్లకి రాలేదు. అన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఆవిడ పేరు మన ఆడపిల్లలందరికీ తెలియాలని నా కోరిక. క్లబ్బుకి కార్యదర్శి ఆడపిల్ల ఏమిటని గొణిగేవాళ్లు ఉంటే వాళ్లకీ చెప్పు.

ఇక నెట్ ఎలా నడపాలో రాస్తాను. కంట్రోల్ స్టేషన్‌గా, అంటే నెట్ నడిపించే మనిషిగా, నువ్వొక్కదానివే ఉండకు. వారానికొకరి వంతు వెయ్యి. మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలకి మరీ ముఖ్యంగా ఇవ్వు. మొదలుపెట్టగానే కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే అక్షరాలు, అంకెల గుర్తు) చెప్పి, ఇది ఫలానా నెట్ అని చెప్పి, "అత్యవసర కబురు ఎవరి దగ్గరైనా ఉంటే ముందు చెప్పండి" అని అడగాలి. అడిగి కాసేపు ఊరుకోవాలి. మామూలు వారాల్లో ఎవరూ పలకరు. అయినా ప్రతి వారం అడగాల్సిందే. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, ఎంత బాగా వినిపిస్తున్నారో సిగ్నల్ రిపోర్టు ఇచ్చి, కాగితం మీద రాసుకోవాలి. పీటీటీ (మాట్లాడేటప్పుడు పట్టి ఉంచే మీట) నొక్కగానే మాట మొదలుపెట్టొద్దని అందరికీ చెప్పు. ఒక్క సెకను ఆగకపోతే కాల్‌సైన్‌లో మొదటి అక్షరం ఎగిరిపోతుంది. ఒకరి మాట అయ్యాక రెండోవారు అందుకునే ముందు కూడా ఓ రెండు సెకన్లు ఖాళీ వదలాలి. అవసరమైనవాడు "బ్రేక్" అని మధ్యలో దూరడానికి సందు అదే. మనవాళ్లు కబుర్లలో పడితే ఆ సందు ఇవ్వరు. నువ్వు మొహమాటపడకుండా ప్రతిసారీ గుర్తు చెయ్యి.

నెట్‌లో తెలుగులోనే మాట్లాడుకోండి. కాల్‌సైన్ మాత్రం అక్షరానికో మాట చొప్పున (ఏ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో) చెప్పాలి. అంకెలొస్తే విడివిడిగా చెప్పాలి, విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. హోరులో మూడుకీ ఏడుకీ తేడా తెలియదు. బియ్యం మూడు బస్తాలా, ఏడు బస్తాలా అన్నది చిన్న విషయం కాదు.

ఊళ్ల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మన జిల్లాలో పేటలు, వలసలు, పురాలు ఎన్నో. కొత్తపేట, రామాపురం లాంటి పేరు చెబితే ఏ మండలంలోది అనుకోవాలి? అందుకని మండలం పేరు ముందు, ఊరి పేరు తర్వాత. ఈ అలవాటు నెట్‌లో చెక్-ఇన్ చేసేటప్పుడే (హాజరు పలికేటప్పుడే) చేయించు. "నరసన్నపేట మండలం, ఫలానా ఊరు" అని మామూలు రోజుల్లో చెప్పినవాడు ఆపద రోజున కూడా అలాగే చెబుతాడు.

నెలకో నెట్ కబురు అందించడం మీద పెట్టు. ఒకరికి పాతిక మాటలు మించని కబురు ఇవ్వు. నంబరు, టైము, ఎవరి నుంచి, ఎవరికి, విషయం. అది ఇద్దరు ముగ్గురి చేతులు మారి చివరివాడి దగ్గరికి ఎలా చేరిందో చదివించు. మొదట్లో ఘోరంగా ఉంటుంది. నాలుగైదు నెలలు తిరిగేసరికి అక్షరం పొల్లుపోకుండా చేరుతుంది. దీంతోపాటు ఇంకో మాట కూడా నేర్పు. ప్రతి కబురుకీ చివర "చూసింది" లేదా "విన్నది" అని చేర్చాలి. వంశధారకి వరదొచ్చిన ప్రతిసారీ గొట్టా బ్యారేజీకి ఏదో అయిపోయిందని పుకారు లేస్తుంది. మనవాడు కళ్లతో చూడకుండా దాన్ని రేడియోలో చెప్పాడంటే హిరమండలం కింద ఉన్న ఊళ్లన్నీ అర్ధరాత్రి పిల్లలతో రోడ్డున పడతాయి. ఈ విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు. పెద్దవాళ్లైనా సరే ఆపు.

ఇప్పుడు నువ్వు మనసు పడ్డ రిపీటర్ సంగతి. రిపీటర్ వద్దని నేను అనను. కానీ దానికి వేరే అనుమతి, కొండ మీద చోటు, కరెంటు, బ్యాటరీలు, పిడుగు నుంచి రక్షణ, నెలకోసారి ఎక్కి చూసే ఓపిక ఉన్న మనిషి కావాలి. అంత చేసి పెట్టాక మాట్లాడే జనం లేకపోతే అది కొండ మీద ఊరికే కూర్చుంటుంది. పైగా పెద్ద గాలి వచ్చిన రోజున ముందు పోయేది కొండ మీద ఉన్న యాంటెన్నా స్తంభమే. రిపీటర్ లేకుండా ఎంత దూరం వెళ్లగలమో ముందు తెలుసుకోండి.

చేతిలో పట్టే చిన్న సెట్టు, హ్యాండీతో ఊళ్లో మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తే గొప్ప. అదే హ్యాండీకి డాబా మీద ఒక గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా (నిలువుగా ఒక కడ్డీ, కింద చుట్టూ నాలుగు) తగిలిస్తే కథ మారిపోతుంది. 145 మెగాహెర్ట్జ్‌కి కడ్డీ పొడవు తరంగంలో పావు వంతు, అంటే అర మీటరుకి ఓ పిసరు తక్కువ. ఒక సాకెట్, ఐదు ఇత్తడి కడ్డీలు, ఒక మధ్యాహ్నం, అంతే. రెండు వైపులా యాంటెన్నాలు పది మీటర్ల ఎత్తున ఉంటే లెక్క ప్రకారం 26 కిలోమీటర్ల దాకా చూపు ఆనుతుంది. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస, నరసన్నపేట అందులోకి వచ్చేస్తాయి. అక్కడున్న సభ్యుడు నరసన్నపేట నుంచి టెక్కలి వైపు కబురు అందిస్తాడు. ఇలా మనిషి నుంచి మనిషికి గొలుసు కట్టి చూడండి. గొలుసు ఎక్కడ తెగుతుందో తెలిశాక రిపీటర్ ఏ కొండ మీద కావాలో దానంతటదే తేలుతుంది. సముద్రపు ఒడ్డు కాబట్టి కొన్ని రోజుల్లో గాలి పొరలు కుదిరి ఈ రెండు మీటర్ల బ్యాండు (145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) మీద వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్ పక్క వీధిలో ఉన్నట్టు వినిపిస్తుంది. అది చూసి మన రేంజి పెరిగిందని మురిసిపోవద్దని పిల్లలకి చెప్పు. మర్నాటికి ఉండదు.

ఇచ్ఛాపురం, సోంపేట, ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట కొండలు, ఇవి ఆ గొలుసుకి అందవు. వాటికి హెచ్ఎఫ్‌లోని 40 మీటర్ల బ్యాండే (7 మెగాహెర్ట్జ్) గతి. ఈ భాగం శ్రద్ధగా చదువు తల్లీ, మన జిల్లాకి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా చాపిన తీగ యాంటెన్నా) ఎంత ఎత్తున కడితే అంత మంచిదని అందరూ అంటారు. దూరదేశాలు అందుకోవాలంటే నిజమే. కానీ మనకి కావాల్సింది 80, 100 కిలోమీటర్ల దూరం, మధ్యలో కొండలు. అలాంటప్పుడు డైపోల్‌ని నాలుగైదు మీటర్ల ఎత్తునే కట్టాలి. అప్పుడు సిగ్నల్ దాదాపు నిలువుగా పైకి వెళ్లి, ఆకాశంలో పైనున్న అయనోస్పియర్ పొరని తాకి, గొడుగులా చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. కొండ అడ్డమే కాదు. తుఫాను తర్వాత ఎత్తయిన స్తంభాలు, చెట్లు ఎలాగూ మిగలవు. రెండు వెదురు గెడలు పాతి కట్టుకున్నా పని జరుగుతుంది.

7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ మొత్తం 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో వైపు 10. కాస్త ఎక్కువే ఉంచి కత్తిరించు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) చూసుకుంటూ కొంచెం కొంచెం తగ్గించుకోవచ్చు, తెగిన తీగని పెంచలేం. ఆదివారం పొద్దున 8 గంటలకి ఈ బ్యాండు మీద ఇంకో నెట్ పెట్టు, జిల్లా చివరి మండలాల వాళ్ల కోసం. పగటిపూట దగ్గరవాళ్లు బాగా వినిపిస్తారు. రాత్రి ముదిరాక దగ్గరవాళ్లు మాయమై ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. అప్పుడు 80 మీటర్ల బ్యాండుకి దిగాలి. దానికి డైపోల్ రెండింతల పొడవు, 40 మీటర్లు. చోటు దొరకడం కష్టమే కానీ స్కూలు మైదానంలో ఒక్కసారైనా కట్టి చూడండి. ఆపద రాత్రి పూట రాదన్న హామీ ఏమీ లేదు కదా.

సూర్యుడి గురించి అరసవిల్లి పక్కన పుట్టిన నీకు నేను చెప్పాలా? సూర్యుడి మీది మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, పెరిగినప్పుడు అయనోస్పియర్ పొర బలపడుతుంది. ఈసారి 2024 చుట్టుపక్కల బాగా పెరిగాయి. అందుకే 10 మీటర్ల బ్యాండు మీద చిన్న సెట్టుతో కూడా ఖండాలు దాటి మాట్లాడుతున్నారు. అది చూసి ఆ బ్యాండు కోసమే క్లబ్బు డబ్బుతో పెద్ద యాంటెన్నా కొందామని ఎవరైనా అంటే ఆగమను. రానున్న కొన్నేళ్లలో ఆ బ్యాండు మెల్లగా నిద్రపోతుంది. 40 మీటర్లు ఎప్పుడూ ఉంటుంది.

కొత్త సెట్టు కంటే ముందు మంచి బ్యాటరీ కొను. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. వినేటప్పుడు ఒక ఆంపియర్ చుట్టుపక్కల. అందుకే ఎక్కువ విని తక్కువ మాట్లాడేవాడి బ్యాటరీ రెండు రోజులు వస్తుంది. పవర్ కూడా తగ్గించడం నేర్పు. 100 వాట్ల నుంచి 25కి దించితే అవతలి మీటరులో ఒక్క ఎస్ యూనిట్, అంటే ఒక్క మెట్టు తేడా పడుతుంది, అంతే. చాలామందికి ఈ మాట చెబితే నమ్మరు. నెట్‌లోనే చేయించి చూపించు, వాళ్లే రిపోర్టు ఇచ్చుకుంటారు. మూడు నెలలకోసారి నెట్ మొత్తం బ్యాటరీ మీదే నడపాలి, ఇంటి కరెంటు వాడకూడదు అని నియమం పెట్టు. ఎవరి బ్యాటరీ చచ్చిందో ఆ రోజే బయటపడుతుంది.

ఉప్పుగాలితో మనకి పడే బాధ లోపలి జిల్లాలవాళ్లకి తెలియదు. కనెక్టర్లకి సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు బాగా లాగి చుట్టి, దాని మీద మామూలు టేపు వెయ్యాలి. కేబుల్‌లో తడి చేరితే లోపలి అల్లిక నల్లబడిపోతుంది. విచిత్రం ఏమిటంటే అలాంటి కేబుల్ పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎందుకంటే వెళ్లిన పవరూ తిరిగొచ్చే పవరూ రెండూ కేబుల్ లోనే ఆవిరైపోతాయి. మీటర్ బాగుంది, ఎవరికీ వినపడట్లేదు అని ఎవరైనా అంటే ముందు కేబుల్ కోసి చూడమను. యాంటెన్నా కొబ్బరి చెట్టుకి కట్టాల్సొస్తే బిగించి కట్టొద్దు. చెట్టు ఊగుతుంది, తీగ తెగుతుంది. చిన్న కప్పీ పెట్టి తాడు చివర బరువు వేలాడదీస్తే చెట్టుతోపాటు అదీ ఆడుతుంది.

కరెంటు తీగల విషయంలో మాత్రం ఎవరినీ క్షమించొద్దు. యాంటెన్నా గానీ, దాని తాడు గానీ, ఎటు విరిగిపడ్డా లైను మీద పడని చోటే కట్టాలి. తాడు అవతలికి విసిరేటప్పుడు పైన లైను ఉందేమో ఇద్దరు చూడాలి. 11 కేవీ లైనుకి తగిలితే చెప్పడానికి మనిషి ఉండడు. అలాగే ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుములు మొదలవగానే సెట్టు కట్టేస్తే సరిపోదు, కేబుల్ విప్పి కిటికీ బయటికి వేసెయ్యాలి. పిల్లలున్న క్లబ్బు ఇది. ఈ రెండు విషయాల్లో అలిగినా, కోపం తెచ్చుకున్నా పర్వాలేదు.

మిగతా కార్యక్రమాల గురించి క్లుప్తంగా రాస్తాను. లైట్‌హౌస్ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఏటా ఆగస్టులో ఒక శని, ఆదివారాలు ప్రపంచమంతా లైట్‌హౌస్‌ల దగ్గర హ్యామ్ స్టేషన్లు నడుపుతారు. కళింగపట్నం నుంచి మనమూ పలకాలి. లైట్‌హౌస్ అధికారులకి రెండు నెలల ముందే ఉత్తరం పెట్టు. అక్కడ జనరేటర్ వద్దు, బ్యాటరీల మీదే నడపండి. అప్పుడు అదే మనకి తుఫాను రిహార్సల్ అవుతుంది. ఊళ్లోని మత్స్యకారులు చూడ్డానికి వస్తారు, కూర్చోబెట్టి వినిపించండి. వాళ్ల పడవల్లో ఉండే సెట్లు వేరే బ్యాండు, ఆ చానళ్లలో మనం మాట్లాడకూడదని మనవాళ్లకి ముందే చెప్పి ఉంచు.

స్కూళ్లకి వెళ్తే ఉపన్యాసం వద్దు. అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే టైము చూసుకుని వెళ్లండి. పది నిమిషాలు ఉంటుంది మహా అయితే. 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడు బొమ్మల్ని కూతలా మార్చి పంపుతుంటారు. ఆ కూత ఫోన్ యాప్‌కి వినిపిస్తే తెర మీద గీత గీతగా బొమ్మ వస్తుంది. అది చూసిన పిల్లల మొహాలు నువ్వే చూద్దువుగాని. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో హ్యామ్‌ల కోసమే హ్యామ్‌శాట్ అనే ఉపగ్రహం పంపిందని, అది 2014 దాకా పనిచేసిందని చెబితే పిల్లలకి ఇంకా హుషారొస్తుంది. దాచిన ట్రాన్స్‌మిటర్ వెతికే ఆట కూడా ఆడించు. హ్యాండీని రొమ్ముకి ఆనించి పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగితే ఒక వైపు సిగ్నల్ బాగా తగ్గుతుంది. అప్పుడు ట్రాన్స్‌మిటర్ సరిగ్గా మన వీపు వెనకాల ఉన్నట్టు. యాంటెన్నా పుస్తకాలు చదవని పిల్లలు కూడా ఈ ఆటలో ముందుంటారు.

లైసెన్సు పరీక్షకి ఎవరిని పంపినా నిబంధనల పేపరు చదివించు. అందరూ సర్క్యూట్లు చదివి అది వదిలేస్తారు, రెండింటిలోనూ మార్కులు రావాలి. 12 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు కాబట్టి హైస్కూలు పిల్లల్ని కూడా సిద్ధం చెయ్యి. దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైటు సరళ్ సంచార్‌లో పెట్టాక కాల్‌సైన్ చేతికి రావడానికి టైము పడుతుంది. ఈ లోపల కుర్రాళ్ల ఉత్సాహం చల్లారిపోతుంది. వాళ్లని ఖాళీగా ఉంచకు. నెట్ రోజున క్లబ్బుకి పిలిచి లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న పట్టీ) రాయించు, యాంటెన్నా కట్టించు. లైసెన్సు చేతికి రాకుండా వాళ్ల చేత ఇంట్లో సెట్టు పెట్టించకు. ఇప్పుడు ఆన్‌లైన్లో ఏది పడితే అది దొరుకుతోంది, కొనడం తేలికే, కేసు పడితే ఆ పిల్లాడి ఉద్యోగానికే ఎసరు.

మనుషుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే క్లబ్బులు చెడేది యాంటెన్నాల వల్ల కాదు. వాట్సాప్ గ్రూపు ఉంచు, కానీ నెట్‌కి రానివాడు గ్రూపులో ఎంత హడావిడి చేసినా లెక్కలోకి తీసుకోకు. గుడ్ మార్నింగ్ బొమ్మలతో రోజు గడిచిపోయి సెట్టు మీద దుమ్ము పేరుకున్న క్లబ్బుల్ని చూశాను. డబ్బు లెక్క ప్రతి నెలా నెట్‌లోనే చదువు, ఎంత చిన్న మొత్తమైనా సరే. సెట్లు ఎవరి ఇంట్లో ఏది ఉందో రాసిన కాగితం ఇద్దరి దగ్గర ఉండాలి. ఎవరిదో ఇంట్లో ఉండిపోయిన క్లబ్బు సెట్టు గురించి పదేళ్ల స్నేహాలు చెడిపోతాయి.

మీ కాలేజీ పిల్లలు బాగా పనిచేస్తారు, కానీ నాలుగేళ్లకి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. అది వాళ్ల తప్పు కాదు. అందుకని ఊళ్లో పాతుకున్న మనుషుల్ని చేర్చుకో. పలాసలో జీడి బట్టీ నడిపే ఆయన, మందసలో మందుల షాపు, టెక్కలిలో ఎలక్ట్రీషియన్, సీతంపేట ఆశ్రమ పాఠశాల టీచరు, ఇలాంటివాళ్లు. తుఫాను రోజున ఆ మండలంలో ఉండేది వాళ్లే. మండలానికి ఒక్క కాల్‌సైన్ అని లక్ష్యం పెట్టుకో. సభ్యుల సంఖ్య ఎంత అని ఎవరైనా అడిగితే ఎన్ని మండలాల నుంచి పలుకుతున్నారో చెప్పు.

కలెక్టరాఫీసుకి మాత్రం తుఫాను వచ్చాక వెళ్లకు. ఆ రోజు ఎవరికీ నీతో మాట్లాడే తీరికుండదు. జూలై, ఆగస్టుల్లోనే విపత్తుల విభాగం వాళ్లని కలిసి, సభ్యుల పేర్లు, కాల్‌సైన్లు, మండలాలు ఒక కాగితం మీద ఇవ్వు. కంట్రోల్ రూమ్ నుంచి డాబా మీదికి కేబుల్ వెళ్లే దారి ఎక్కడుందో ముందే చూసి ఉంచు. అధికారులు మారుతుంటారు, మారినప్పుడల్లా మళ్లీ వెళ్లి పరిచయం చేసుకోవాలి. విసుగనిపించినా వెళ్లు. వాళ్లు పిలిస్తేనే పని చెయ్యాలి, చెప్పిన కబురే అందించాలి, విన్నది బయట పత్రికలవాళ్లకి చెప్పకూడదు. మనవాళ్లలో ఒకరిద్దరికి ఫొటో దిగాలన్న తొందర ఉంటుంది, వాళ్లని కంట్రోల్ రూమ్‌కి పంపకు, మండలాలకి పంపు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. బుధవారం రాత్రి ఆ గంటసేపు చంటిదాన్ని చూసుకోమని చెబుతాను, అది ఒప్పుకుంటుంది. మీ ఆయన్ని కూడా పరీక్షకి కట్టించు, ఇంట్లో రెండు కాల్‌సైన్లు ఉంటే నీకు ఊరట.

వచ్చే ఆదివారం మీ అత్తా నేనూ పొద్దున బస్సుకి వస్తున్నాం. నా దగ్గరున్న ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు, రెండు కప్పీలు తెస్తాను. నువ్వు 22 మీటర్ల ఇన్సులేటెడ్ రాగి తీగ, రెండు వెదురు గెడలు తెప్పించి ఉంచు, డాబా మీద కడదాం. కడుతుండగా చూడాలనుకునే పిల్లలెవరైనా ఉంటే 7 గంటలకల్లా రమ్మను. 8 గంటలకి సోంపేట వాళ్లని పిలవాలి.

ఆశీస్సులతో,
మావయ్య